రాబెన్ ద్వీపం యాత్ర: గదిని చూపిస్తారు, ఇంటిని మనమే వెతుక్కోవాలి

కేప్‌టౌన్‌కు వెళ్ళబోయే తెలుగువాళ్ళు టేబుల్ మౌంటెన్ గురించి అడిగాక తప్పకుండా అడిగేది, వర్ణవివక్ష ప్రభుత్వం రాజకీయ ఖైదీలను బంధించి ఉంచిన రాబెన్ ద్వీపం గురించే. వెళ్ళాలా, పెట్టిన డబ్బుకు తగినదేనా, పిల్లలను తీసుకెళ్ళవచ్చా అన్న ప్రశ్నలకు ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పేకన్నా ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. మొదటి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేస్తాను: వెళ్ళాలి. అయితే నెల్సన్ మండేలా ఉన్న జైలు గదిని కళ్ళకు కట్టినంతగా, ఆ జైలు మూలంగా చెల్లాచెదురైన ఇళ్ళను ఈ యాత్ర కళ్ళకు కట్టదు. వాటి ఆనవాళ్ళు అక్కడ లేక కాదు. అవి ఏమిటో కొంత తెలుసుకుని వెళ్ళినవాళ్ళకే అవి కనబడతాయి. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ తెలుసుకోవలసిన దాని గురించే.

ముందుగా ఏర్పాట్ల సంగతి. పడవ వీ అండ్ ఏ వాటర్‌ఫ్రంట్‌లో క్లాక్ టవర్ దగ్గరున్న నెల్సన్ మండేలా గేట్‌వే నుంచి బయలుదేరుతుంది. రానూపోనూ ప్రయాణంతో కలిపి మొత్తం యాత్రకు సుమారు మూడున్నర గంటలు పడుతుంది. ద్వీపం మీద మొదట బస్సులో తిప్పుతారు, ఆ తరవాత గరిష్ఠ భద్రత జైలులోకి కాలినడకన తీసుకెళతారు; ఒక్కోసారి ఈ వరుస తారుమారవుతుంది. విదేశీయుల టికెట్టు ధర స్థానికుల కంటే ఎక్కువ, సెలవుల కాలంలో చాలా ముందుగా కొనుక్కోకపోతే దొరకదు. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే పడవలు రద్దవుతాయి కాబట్టి కేప్‌టౌన్‌లో మీ చివరి రోజుకు దీన్ని అట్టిపెట్టుకోవద్దు. ఎండగా ఉన్నా గాలి చలిగా కొడుతుంది, స్వెట్టరు వెంట ఉండాలి. కడుపులో తిప్పే అలవాటున్నవాళ్ళు మాత్ర వేసుకునే పడవ ఎక్కాలి.

టికెట్టు కొన్నాక చాలామంది చేయని పని ఒకటుంది. పడవ సమయానికి గంట ముందే వెళ్ళి, అదే రేవు ప్రాంతంలో ఉన్న జెట్టీ 1 అనే చిన్న కట్టడాన్ని చూడాలి. ఖైదీలను సంకెళ్ళతో పడవ ఎక్కించింది ఇక్కడి నుంచే, వాళ్ళను చూడడానికి వచ్చిన భార్యలూ తల్లులూ అనుమతి కాగితాలు చేతబట్టుకుని నిరీక్షించింది కూడా ఇక్కడే. ఇప్పుడది చిన్న ప్రదర్శనశాల. ఆ రోజుల్లో నడిచిన పడవల్లో ఒకదానికి సూసన్ క్రూగర్ అన్న పేరుండేది. అది ఆనాటి న్యాయ, జైళ్ళ శాఖల మంత్రి జిమ్మీ క్రూగర్ భార్య పేరు. తన భర్తను అరగంట సేపు చూసుకోవడానికి వందల మైళ్ళ నుంచి వచ్చిన ఒక ఇల్లాలు, ఆ భర్తను బంధించిన మంత్రిగారి ఇల్లాలి పేరున్న పడవ ఎక్కవలసి రావడాన్ని ఎవరూ కావాలని ఏర్పాటు చేసి ఉండరు. ఆలోచించకుండా చేసిన పనే అయినా, ఆ వ్యవస్థ తీరు అందులో బాగా తెలుస్తుంది.

ద్వీపంలో దిగే ముర్రేస్ బే రేవు దగ్గరే ములాఖత్ జరిగిన భవనం ఉంది. పర్యాటకులు బస్సుల వైపు తొందరపడతారు గనుక దాని మీద ఎవరి చూపూ ఎక్కువసేపు నిలవదు. రాజకీయ ఖైదీలను మొదట్లో ‘డి’ తరగతిలో వేసేవారు. ఆ తరగతివాళ్ళకు ఆరునెలలకు ఒక ములాఖత్, ఒక ఉత్తరం. ములాఖత్ అరగంట. మధ్యలో గాజు పలక, ఇటువైపు వార్డరు, అటువైపు వార్డరు. మాట్లాడేది ఇంగ్లీషులోగానీ ఆఫ్రికాన్స్‌లోగానీ ఉండాలి, కాబట్టి సొంత భాష ఖోసా తప్ప మరో భాష రాని తల్లి కొడుకుతో ఏం మాట్లాడగలదో ఎవరికి వారు ఊహించుకోవలసిందే. ఇంటి విషయాలు మినహా మరేదీ ఎత్తకూడదు. తెలియని పేరేదైనా వినబడితే, అతనెవరని వార్డరు మధ్యలో కల్పించుకునేవాడు. రెండేళ్ళు దాటి పదహారేళ్ళు నిండని పిల్లలకు అసలు అనుమతే లేదు. చంకలో బిడ్డగా వదిలిపెట్టిన కూతురిని తండ్రి మళ్ళీ చూసేసరికి ఆమె చీర కట్టే వయసుకు వచ్చి ఉండేదని మన మాటల్లో చెప్పుకోవచ్చు.

మండేలా చిన్న కూతురు జిండ్జీ విషయంలో సరిగ్గా అదే జరిగింది. 1962 ఆగస్టులో ఆయన అరెస్టయ్యేనాటికి ఆమెకు రెండేళ్ళు కూడా నిండలేదు. 1975 డిసెంబరులో, పదిహేనేళ్ళ వయసులో, పుట్టినతేదీ మార్చిన కాగితాలతో ఆమె ద్వీపానికి వచ్చింది. కూతురు తండ్రిని చూడాలంటే కాగితం మీద వయసు పెంచుకోవలసిన స్థితి ఏ దేశానికైనా సిగ్గుచేటే. భార్య విన్నీ మొదటిసారి వచ్చింది 1964 ఆగస్టులో. ఆమెను మళ్ళీ చూడడానికి ఆయనకు మరో రెండేళ్ళు పట్టింది. ఏడాదికి రెండు ములాఖత్‌లు ఉన్నా అలా ఎందుకైందని అడిగితే, జవాబు ఖైదీ గదిలో దొరకదు, ఆమె కదలికల మీద ప్రభుత్వం విధించిన నిషేధపు ఉత్తర్వుల్లో దొరుకుతుంది. జొహానెస్‌బర్గ్ దాటి వెళ్ళాలంటే ఆమె ప్రతిసారీ మేజిస్ట్రేటు అనుమతి తెచ్చుకోవాలి, కేప్‌టౌన్‌లో దిగగానే పోలీస్ స్టేషనుకు వెళ్ళి సంతకం పెట్టాలి, తిరుగు ప్రయాణంలో మళ్ళీ పెట్టాలి. పధ్నాలుగు వందల కిలోమీటర్లు వచ్చి, ముప్పై నిమిషాలు గాజులోంచి చూసి, మళ్ళీ అంత దూరమూ వెళ్ళాలి.

జైలులో బి సెక్షన్‌లోని మండేలా గది ముందు ఫొటోల కోసం ఎప్పుడూ వరుస కట్టి ఉంటారు. చాప, దుప్పట్లు, చిన్న బల్ల, బకెట్టు. అది చూడదగినదే, కాదనను. కానీ 1968, 1969 సంవత్సరాలలో ఆ గదిలోకి వచ్చి పడిన వార్తలు తెలిసి ఉంటేనే అక్కడ నిలబడినందుకు అర్థముంటుంది. 1968లో ఆయన తల్లి నొసెకేని, ట్రాన్స్‌కై ప్రాంతపు పల్లె నుంచి ఆయన చెల్లెలినీ మరికొందరు కుటుంబ సభ్యులనూ వెంటబెట్టుకుని చూడడానికి వచ్చింది. దూరాభారం చూసి ఆ ఒక్కసారికి ములాఖత్‌ను ముప్పావుగంటకు పొడిగించారు. ఆమె చిక్కిపోయి కనిపించింది. కొన్ని వారాలకే చనిపోయిందన్న కబురు వచ్చింది. ఒక్కగానొక్క కొడుకుగా అంత్యక్రియలు జరపడం తన బాధ్యత అని ఆయన అనుమతి అడిగాడు. ఇవ్వలేదు. మరుసటి ఏడాది జులైలో పెద్దకొడుకు థెంబీ కారు ప్రమాదంలో పోయాడని తంతి వచ్చింది. ఈసారీ అడిగాడు, ఈసారీ ఇవ్వలేదు. తల్లికి కొడుకు, కొడుకుకు తండ్రి చేయవలసిన కర్మ ఏడాది తిరగకుండా రెండుసార్లు తప్పిపోవడం ఏమిటో మన వైపు వాళ్ళకు వివరించి చెప్పనక్కరలేదు.

థెంబీ పోయిన ఆ సమయానికి విన్నీ కూడా బయట లేదు. 1969 మే 12న తెల్లవారకముందే జొహానెస్‌బర్గ్ పక్కనున్న నల్లవాళ్ళ పేట సొవెటోలోని ఇంటికి పోలీసులు వచ్చి, పిల్లల కళ్ళెదుటే ఆమెను పట్టుకుపోయారు. ఆమె నిర్బంధంలో ఉన్నది 491 రోజులు, అందులో ఎక్కువ భాగం ఒంటరి గదిలోనే. ఆమె పెద్దకూతురు జెనానీకి అప్పుడు పదేళ్ళు, జిండ్జీకి ఎనిమిది. తల్లి ఒక జైలులో, తండ్రి ఒక జైలులో ఉండగా ఆ ఇద్దరికీ తండ్రి ద్వీపం నుంచి ఉత్తరాలు రాశాడు. మీ అమ్మను మళ్ళీ అరెస్టు చేశారనీ, చాలాకాలం అనాథల్లా బతకవలసి రావచ్చనీ పిల్లలకు తానే చెప్పవలసి వచ్చింది. ఇక్కడి ఉత్తరాలు అయిదు వందల పదాలు మించకూడదు. సెన్సారు గది నచ్చని వాక్యాలను బ్లేడుతో కోసి తీసేసేది, కొన్నిటిని అసలు పంపేదే కాదు. పంపినవి చేరాయో లేదో తెలియక ఆయన తాను రాసిన ప్రతి ఉత్తరానికీ నోటుబుక్కుల్లో నకలు రాసి పెట్టుకునేవాడు. ఆ నకళ్ళు ఉండబట్టే పిల్లలకు చేరని ఆ మాటలు ఈనాడు మనం చదవగలుగుతున్నాం.

1977 మేలో విన్నీని సొవెటో నుంచి పెకలించి, ఫ్రీ స్టేట్ రాష్ట్రంలో తన భాష మాట్లాడేవాళ్ళు లేని బ్రాండ్‌ఫోర్ట్ అనే ఊళ్ళో పడేశారు. దేశం దాటించకుండానే చేసిన ప్రవాసం అది. జిండ్జీ కూడా తల్లితో వెళ్ళింది. విన్నీకి ఈ శిక్ష వేసిన కోర్టు ఏదీ లేదు. భార్యాభర్తలు ఒకరినొకరు తాకగలిగింది 1984 మేలో, ఆయనను ప్రధాన భూభాగంలోని పోల్స్‌మూర్ జైలుకు మార్చిన తరవాత. అప్పటికి ఇరవైఒక్క ఏళ్ళు గడిచాయి. రాబెన్ ద్వీపంలో ఉండగా ఆయన అధికారుల అనుమతితోనే చేతుల్లోకి తీసుకోగలిగిన పసిబిడ్డ జెనానీ కూతురు జాజివే. జెనానీ స్వాజీ రాజకుమారుణ్ణి పెళ్ళి చేసుకోవడంతో దక్కిన దౌత్య హోదా వల్ల గాజు అడ్డం లేకుండా కలవనిచ్చారు. తాతయ్యకు మనవరాలిని ఎత్తుకునే వీలు కలగడానికి కూతురు రాజకుటుంబంలో కోడలు కావలసి వచ్చిందన్నమాట.

ఇక మనవాళ్ళకు సంబంధించిన మాట ఒకటి. 1860 నుంచి నాటాల్ చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్ళినవాళ్ళలో విశాఖ, గోదావరి, గంజాం ప్రాంతాల తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ 1931లో ఆంధ్ర మహాసభ కూడా ఏర్పడింది. వాళ్ళందరినీ కలిపి ప్రభుత్వం ‘ఏషియాటిక్’ అన్న ఒక్క ముద్ర వేసింది, ఆ ముద్ర జైలు వంటశాల దాకా వచ్చింది. జైలులో గైడు చూపించే భోజనపు పట్టికను తప్పక చదవండి: ఏషియాటిక్, కలర్డ్ (మిశ్రమ జాతి) ఖైదీలకు రొట్టె ఉంది, ఆఫ్రికన్లకు లేదు, పంచదార కొలత కూడా వేరు. ఆఫ్రికన్లకు పొట్టి లాగులు, మండేలాతోపాటు శిక్షపడిన భారత సంతతి నాయకుడు అహ్మద్ కథ్రాడాకు పొడుగు పంట్లాము. ఇరవై ఏళ్ళు అక్కడ గడిపిన బిల్లీ నాయర్ లాంటివాళ్ళూ ఈ తేడాను రోజూ అనుభవించినవారే. ఎక్కువ దొరికిన పిడికెడును పంచుకు తినడం, ఆ తేడాను రద్దు చేయమని అందరూ కలిసి పోరాడడం వేరే కథ. కుటుంబం సంగతికి వస్తే, పిల్లల అలికిడి వినబడకపోవడమే జైలులో తనను అన్నిటికన్నా బాధించిందని కథ్రాడా చెప్పేవారు. శిక్షపడే నాటికి ఆయనకు ముప్పై నాలుగేళ్ళు, విడుదలయ్యేనాటికి అరవై.

తెల్లజాతి ఖైదీలను ఈ ద్వీపానికి తేలేదు. మండేలాకు యావజ్జీవ శిక్ష వేసిన రివోనియా కేసులోనే శిక్షపడిన డెనిస్ గోల్డ్‌బర్గ్‌ను ప్రిటోరియాలో ఉంచారు. ఆయన భార్య ఎస్మే పిల్లలతో లండన్‌లో ప్రవాసంలో ఉండగా, ఇరవైరెండేళ్ళలో ఆమెను రెండుసార్లు మాత్రమే చూడనిచ్చారు. ఈ యాత్రలో ఆయన ప్రసక్తి పెద్దగా రాదు.

నా ఉద్దేశంలో మొత్తం యాత్రలో మనసు పట్టి నిలిపే చోటు జైలు కాదు, బస్సు కాసేపు ఆగే చోట ఉన్న, మరో నల్లజాతి ఉద్యమ నాయకుడు రాబర్ట్ సొబుక్వే ఇల్లు. షార్ప్‌విల్‌లో నిరసనకారుల మీద పోలీసు కాల్పులకు దారితీసిన, పాసు పుస్తకాలకు వ్యతిరేకంగా సాగిన 1960 మార్చి నిరసనను నడిపినందుకు ఆయనకు మూడేళ్ళ శిక్ష పడింది. 1963 మేలో శిక్ష పూర్తయింది. వదిలిపెట్టడం ఇష్టంలేని ప్రభుత్వం, శిక్ష ముగిసిన వ్యక్తిని విచారణ లేకుండా ఏడాదికేడాది పొడిగిస్తూ నిర్బంధించే అధికారాన్ని చట్టంలో చేర్చింది. ఆయన ఒక్కరికే వర్తించిన ఆ నిబంధనకు సొబుక్వే క్లాజు అనే పేరే స్థిరపడింది. ఆరేళ్ళపాటు ఆయనను ఈ ఇంట్లో ఒంటరిగా ఉంచారు. ఇతర ఖైదీలతో ఒక్క మాట మాట్లాడడానికి లేదు. దారిన పనికి పోతున్న ఖైదీలను చూసినప్పుడు గుప్పెడు మట్టి తీసి వేళ్ళ సందుల్లోంచి జార్చేవాడట, మనం ఈ నేల బిడ్డలమని చెప్పడానికి. సెలవుల్లో భార్య వెరోనికా, నలుగురు పిల్లలు వచ్చి కొన్నాళ్ళు ఆయనతో ఉండనిచ్చారు. పెద్దకూతురు మిలిస్వా, కొడుకు దినిలేసిజ్వే, కవలలు దాలింద్యేబో, దెదానిజిజ్వే. ఆ సెలవులు అయిపోయి పడవ బయలుదేరినప్పుడు పిల్లలు ఏమని వీడ్కోలు తీసుకుని ఉంటారో బస్సులో కూర్చుని ఆలోచించండి. బస్సు అక్కడ ఎక్కువసేపు ఆగదు, ఆ కొద్ది నిమిషాలను ఫొటోకు ఖర్చు చేయకండి. పక్కనే కాపలా కుక్కల కొట్టాలు ఉన్నాయి.

1969లో ఆయనను విడిచిపెట్టామన్నారు. ఇంటికి మాత్రం పంపలేదు, ఎన్నడూ నివసించని కింబర్లీ పట్టణానికి తరిమి, రాత్రిపూట ఇల్లు కదలరాదన్నారు. అమెరికా విశ్వవిద్యాలయాల నుంచి ఉద్యోగాలు వచ్చాయి. తిరిగి రాకూడదన్న షరతుతో దేశం విడిచిపోవడానికి ఒక శాఖ అనుమతి ఇచ్చింది, విమానాశ్రయానికి చేరాలంటే కింబర్లీ దాటాలి గనుక మరో శాఖ ఆపేసింది. పిల్లలలో ఇద్దరిని అట్లాంటాలో అమెరికా పౌరహక్కుల నాయకుడు ఆండ్రూ యంగ్ ఇంట్లో ఉంచి చదివించవలసి వచ్చింది. 1978 ఫిబ్రవరి 27న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఆయన పోయాడు, యాభై మూడేళ్ళు. వెరోనికా ఆ తరవాత నలభై ఏళ్ళు బతికి 2018లో కన్నుమూసింది.

ప్రవాసం గురించి ఈ ద్వీపంలో వినబడేది తక్కువ. ప్రవాసులు ఇక్కడ ఉండరు కదా. కానీ జైలు, ప్రవాసం ఒకే ఇంట్లో ఎలా కలిసి ఉండేవో తెలియడానికి, రివోనియా కేసులోనే శిక్షపడిన గోవన్ ఎంబెకీ కుటుంబం చాలు. ఆయన 1964 నుంచి 1987 నవంబరు దాకా ఇక్కడే ఉన్నాడు. పెద్దకొడుకు థాబో 1962లోనే దేశం విడిచాడు. తండ్రీకొడుకులు మళ్ళీ కలుసుకున్నది 1990 జనవరిలో, జాంబియా రాజధాని లుసాకాలో. ఈ లోపల చిన్నకొడుకు జామా 1982లో లెసోతోలో కనబడకుండా పోయాడు. థాబో కొడుకు క్వాండా అంతకు ఏడాది ముందే మాయమయ్యాడు. ట్రాన్స్‌కైలో చిన్న దుకాణం నడుపుకుంటూ ఒంటరిగా ఇల్లు నిలిపినది గోవన్ భార్య ఎపైనెట్. ఆమె తొంభై ఎనిమిదేళ్ళు బతికింది. అదే కేసులో శిక్షపడిన వాల్టర్ సిసులూ కుటుంబమూ ఇంతే: వాల్టర్ ఇక్కడ, పెద్దకొడుకు మాక్స్ విదేశంలో, కూతురు లిండివే మొదట నిర్బంధంలో, తరవాత ప్రవాసంలో, ఏళ్ళ తరబడి నిషేధపు ఉత్తర్వుల కింద ఉండి నర్సు ఉద్యోగంతో అందరినీ సాకిన భార్య ఆల్బర్టీనా సొవెటోలో. ఈ స్త్రీల పేర్లు గైడు చెప్పకపోతే మీరే అడగండి.

ఇన్ని ఇళ్ళు ఆకలితో చావకుండా ఎలా నిలిచాయన్నది నాకు ఎప్పుడూ ఉన్న ప్రశ్న. దానికి జవాబులో ఒక భాగం లండన్‌లో ఉంది. కానన్ జాన్ కాలిన్స్ అనే చర్చి మతాచార్యుడు నడిపిన డిఫెన్స్ అండ్ ఎయిడ్ నిధిని 1966లో దక్షిణాఫ్రికా నిషేధించాక, ఆ డబ్బు రహస్యపు దారి పట్టింది. బ్రిటన్‌లో మామూలు గృహిణులూ ఉపాధ్యాయులూ తమ సొంత పేరుతో, తెలిసిన స్నేహితులకు పంపుతున్నట్టుగా ఖైదీల కుటుంబాలకు ఉత్తరంలో డబ్బు పెట్టి పంపేవారు. పాతికేళ్ళలో సుమారు పది కోట్ల పౌండ్లు ఇలా కోర్టు ఖర్చులకూ ఇళ్ళకూ చేరింది. ఎవరు పంపుతున్నారో అందుకున్నవాళ్ళకు నిజంగా తెలియదు. రెండో భాగం కేప్‌టౌన్‌లోనే వుడ్‌స్టాక్ పేటలో ఉన్న కౌలీ హౌస్. ములాఖత్ కోసం దూరం నుంచి వచ్చిన కుటుంబాలకు 1970ల చివరి నుంచి అక్కడ మంచం, భోజనం, రేవు దాకా వాహనం దొరికేవి. ఈ ఇల్లు పడవ యాత్రలో భాగం కాదు, వాటర్‌ఫ్రంట్ నుంచి మాత్రం దూరం కాదు.

మిగతావి క్లుప్తంగా. జైలు గోడ బయట ఉన్న చిన్న దర్గాను, మదురా ద్వీపం నుంచి డచ్చివాళ్ళు ప్రవాసం పంపగా 18వ శతాబ్దంలో ఇక్కడే మరణించిన మత గురువు జ్ఞాపకార్థం కట్టారు. రాజకీయ శత్రువులను సముద్రంలో పడేయడం ఇక్కడ వర్ణవివక్ష ప్రభుత్వంతో మొదలవలేదని అది గుర్తుచేస్తుంది. సున్నపురాయి క్వారీ దగ్గర 1995లో పాత ఖైదీలు తలా ఒక రాయి వేసి పేర్చిన గుట్ట ఉంది. కుష్ఠురోగుల శ్మశానం, చర్చి బస్సు కిటికీలోంచి చూస్తే సరిపోతుంది. పెంగ్విన్లు కొందరు పిల్లలకు జైలు కన్నా ఎక్కువ నచ్చుతాయి, వాళ్ళను తప్పు పట్టలేం.

ఈ సేవలో సాటిలేనిది గైడులే. జైలు లోపల తిప్పేది అక్కడే శిక్ష అనుభవించిన మనుషులు. ఒక్కొక్కరి కథ ఒక్కో తీరు, కొందరు నవ్విస్తారు, కొందరు లెక్కగా చెప్పి ముగిస్తారు. వాళ్ళకు వయసు మీద పడింది. రాజకీయ ఖైదీలలో ఆఖరివాళ్ళు ద్వీపం వదిలింది 1991లో కాబట్టి, ఈ సౌకర్యం ఇంకెన్నో ఏళ్ళు ఉండదు. వెళ్ళాలనుకునేవాళ్ళు వాయిదా వేయకపోవడానికి నేను చెప్పగల బలమైన కారణం ఇదే. గుంపు పెద్దది, సమయం కొద్ది. ప్రశ్న అడగదలిస్తే ముందు వరుసలో నడవాలి. జైలులో ఎలా గడిచిందని అందరూ అడుగుతారు, చెప్పి చెప్పి వాళ్ళ నోటికి వచ్చేసిన జవాబే వస్తుంది. మిమ్మల్ని చూడడానికి ఎవరు వచ్చేవారు, ఎంత దూరం నుంచి, టికెట్టు డబ్బులు ఎక్కడివి అని మర్యాదగా అడగండి. చెప్పడం ఇష్టం లేకపోతే వాళ్ళు దాటేస్తారు, దాన్ని గౌరవించి ఊరుకోవాలి.

పిల్లల విషయం: పదేళ్ళు దాటినవాళ్ళను తీసుకెళ్ళండి, అంతకన్నా చిన్నవాళ్ళు మూడున్నర గంటలు ఓపిక పట్టలేరు. పెద్దవాళ్ళలో నడక ఇబ్బంది ఉన్నవాళ్ళు సాయం కావాలని టికెట్టు కొనేటప్పుడే తెలియజేయాలి. భోజనం ముగించుకుని వెళ్ళడం మంచిది. ఉదయం మొదటి పడవ తీసుకుంటే గాలి తక్కువగా ఉంటుంది, తిరిగి వచ్చాక వుడ్‌స్టాక్ వైపు వెళ్ళడానికి మధ్యాహ్నం మిగులుతుంది.